తిరుత్తణి, తిరువళ్ళూరు సీమలలో కచేరీ భాష

ఒక సీమ చరిత్రను వ్రాయబూనినవారు సాధారణముగా ఆ సీమ నేలిన రాజులను, అందు జరిగిన యుద్ధములను, వెలసిన దేవాలయములను ముందుగా వర్ణింతురు. తిరుత్తణి కొండపై వెలసిన సుబ్రహ్మణ్యస్వామిని గూర్చియు, తిరువళ్ళూరి వీరరాఘవస్వామిని గూర్చియు వ్రాసినవారు పెక్కురు కలరు. అయితే స్వామి దర్శనమునకై కొండమెట్లెక్కిన రైతే, ఇష్టమున్నను లేకున్నను, ఎక్కవలసివచ్చిన మెట్లు వేరే కలవు. అవి తాలూకా కచేరీ మెట్లు, రిజిస్ట్రారు కచేరీ మెట్లు, మునసబు కోర్టు మెట్లు. శిస్తు, పట్టా, క్రయము, తనఖా, దావా, వారసత్వము మొదలగు వ్యవహారములలో అతని భూమియు, అతని బిడ్డల బ్రతుకును ఆ మెట్లమీదనే తేలినవి. ఆ కచేరీలలో ఏ భాష చెల్లినది, ఏ భాషలో వ్రాసిన కాగితమునకు విలువ కలిగినది, తెలుగువాడు తన మాటను అధికారి చెవికి ఎట్లు చేర్చుకొనగలిగినాడు అనునవి ఈ వ్యాసమున విచారింపదలచిన విషయములు.

రెండు శతాబ్దముల కచేరీ చరిత్రను పరిశీలించినచో ఒక సంగతి స్పష్టమగుచున్నది. ప్రజల భాషకు చట్టము ఎన్నడును పూర్తిగా తలుపు మూయలేదు. కాని ఆ తలుపు తట్టినవారికి మాత్రమే తెరువబడినది. చట్టములలో ఈ విషయమునకు సంబంధించిన నిబంధనలు పెక్కింటియందు, పైకి కనబడుచునో లోలోపలనో, "కోరినచో" అను షరతు కలదు. కోరుట యెరుగనివానికి అవి ఉన్నను లేనట్లే అయినవి.

జమీ కాలము, జిల్లా కోర్టులు

తిరుత్తణి ప్రాంతము చిరకాలము కార్వేటినగర సంస్థానమునకు చేరియుండెను. ఆ సంస్థానాధీశులు తెలుగు సాహిత్య సంగీతములను ఆదరించినవారు. పదకర్తయైన సారంగపాణి ఆ సంస్థానము నాశ్రయించి ప్రసిద్ధిగాంచెను. జమీకి వెలుపలనున్న తిరువళ్ళూరు చెంగల్పట్టు జిల్లాకు చేరియుండెను. రెండు సీమలయందును తెలుగు, తమిళములు మాటలాడువారు ఒకే ఊరిలో, ఒకే వీధిలో కలసి నివసించుచుండిరి. సరిహద్దు అనునది పటముమీది గీతయే గాని, సంతలోను, పొలముగట్టునను కనబడునది కాదు.

చెన్నపట్టణపు కంపెనీ ప్రభుత్వము 1802లో జిల్లా అదాలతులను నెలకొల్పెను. ఆ కోర్టుల ఖర్చులును, జాప్యమును, దూరమును సామాన్యులకు భారమగుటచే, 1814లో సర్ తామస్ మన్రో ఆధ్వర్యవమున ఒక విచారణ సంఘము నియమింపబడినది. దాని ఫలితముగా 1816లో వెలువడిన రెగ్యులేషనులు గ్రామ మునసబులకును, గ్రామ పంచాయతులకును, జిల్లా మునసబులకును న్యాయాధికారమును ప్రసాదించినవి. న్యాయమును ప్రజల యిండ్లచెంతకు తెచ్చినగాని అది న్యాయముగా నుండదని మన్రో గ్రహించెను. గ్రామ మునసబుముందు వాది, ప్రతివాది, సాక్షి ముగ్గురును తమ ఇంటి మాటలలోనే మాటలాడుకొనిరి. అక్కడ దుబాసీ అవసరము లేకుండెను. తరువాత 1888 నాటి మదరాసు గ్రామ కోర్టుల చట్టము చిల్లర దావాలను విచారించు ఈ గ్రామ న్యాయస్థానములను స్థిరపరచినది.

ఆంగ్లేయోద్యోగులు ప్రజల భాషను నేర్వవలెనను ఉద్దేశముతో 1812లో సెయింట్ జార్జి కోట కళాశాల స్థాపింపబడినది. ఆ కళాశాలకు సంబంధించిన ఎల్లిసు దొర 1816లో, కాంబెలు రచించిన తెలుగు వ్యాకరణమునకు పీఠిక వ్రాయుచు, తెలుగు, తమిళ, కన్నడ భాషలు ఒకే కుటుంబమునకు చెందినవని నిరూపించెను. భాషాశాస్త్రములో మహత్తరమైన ఆ సిద్ధాంతము కచేరీ ఉద్యోగుల శిక్షణనుండి పుట్టినదని మనము గుర్తుంచుకొనదగును. న్యాయాధిపతిగా పనిచేసిన సి. పి. బ్రౌను 1852లో కచేరీ వ్యవహారములందు వాడబడు మాటలకు జిల్లా నిఘంటువును, 1854లో తెలుగులో వాడుకయైన అన్యదేశ్య పదములకు మిశ్రభాషా నిఘంటువును ప్రకటించెను. కచేరీ తెలుగు అనునది ఒక ప్రత్యేకమైన తెలుగు అనియు, దానిని నేర్వనిదే పాలనము సాగదనియు ఆయన ఎరుగును.

ఊరు కదలలేదు, కచేరీ కదలినది

తిరుత్తణి సీమ రైతు కాలుకదపకయే ఎన్ని కచేరీల పరిధిలోనికి మారెనో లెక్కించినచో ఆశ్చర్యము కలుగకమానదు. 1911 వరకు ఆ సీమ ఉత్తర ఆర్కాటు జిల్లాలోనిది. అప్పటికి ఆ జిల్లాకు ముఖ్యస్థానము చిత్తూరు. 1911 ఏప్రిలు 1వ తేదీన ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల భాగములతో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు, జమీ ప్రాంతములైన పుత్తూరు, తిరుత్తణులు అందు చేరినవి. ముఖ్యస్థానము చిత్తూరే అయినందున రైతునకు దారి మారలేదు. 1948 నాటి ఎస్టేటుల రద్దు చట్టమువలన జమీందారీలు అంతరించి, రైతులు నేరుగా ప్రభుత్వమునకే శిస్తు చెల్లింపసాగిరి. అంతవరకు జమీ కచేరీలో చూచుకొనవలసిన పనులు ఇక తాలూకా కచేరీలో చూచుకొనవలసివచ్చినవి.

1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్రరాష్ట్రము అవతరించినప్పుడు చిత్తూరు జిల్లాతోబాటు తిరుత్తణియు అందు చేరెను. 1862 నుండి మదరాసు హైకోర్టుకు పోవుచుండిన అప్పీళ్ళు, 1954 జూలై 5వ తేదీన గుంటూరునందు ఆంధ్ర హైకోర్టు ఏర్పడిన పిమ్మట అచటికి పోవలసివచ్చినవి. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశము ఏర్పడగా హైకోర్టు హైదరాబాదునకు మారినది. ఉదయము రైలెక్కినచో మధ్యాహ్నమునకు ముందే మదరాసు హైకోర్టును చేరగల తిరుత్తణి వాసికి, ఆ రెండు మార్పులును ఎంత దూరమును కల్పించెనో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంతలో ఉత్తరపు ఎల్లలను గూర్చి ఇరు రాష్ట్రముల మధ్య వివాదము ముదిరినది. తిరుత్తణి తమిళనాడునకు చేరవలెనని మ. పొ. శివజ్ఞానము, మంగళంకిళారు మొదలగువారు ఉద్యమము నడపిరి. తెలుగువారును తమ వాదమును గట్టిగా వినిపించిరి. శ్రీ హెచ్. వి. పటాస్కరు మధ్యవర్తిగా నియమింపబడి, గ్రామమును ప్రమాణముగా గైకొని, జనుల భాషను, భూభాగముల కలయికను పరిశీలించి తమ సిఫార్సులను సమర్పించిరి. వాని ననుసరించి పార్లమెంటు 1959లో ఆంధ్రప్రదేశ్, మదరాసు సరిహద్దుల మార్పు చట్టమును (1959వ సంవత్సరపు 56వ చట్టము) చేసినది. 1960 ఏప్రిలు 1వ తేదీనుండి ఆ చట్టము అమలులోనికి వచ్చి, చిత్తూరు జిల్లాలోని తిరుత్తణి, పళ్ళిపట్టు ప్రాంతములు సుమారు 405 చదరపు మైళ్ళ మేర మదరాసు రాష్ట్రపు చెంగల్పట్టు జిల్లాలో చేరినవి. చెంగల్పట్టు, సేలము జిల్లాలనుండి సుమారు 326 చదరపు మైళ్ళు ఆంధ్రప్రదేశమునకు వచ్చినవి. తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాలనుండి వచ్చిన గ్రామములతో చిత్తూరు జిల్లాలో సత్యవేడు తాలూకా ఏర్పడినది.

ఈ పరిష్కారము న్యాయమా, అన్యాయమా అను చర్చకు ఇది చోటు కాదు. గ్రామము ప్రమాణముగా సరిహద్దును గీచినను, గ్రామములోని ఇండ్లను విడదీయుట ఎవరికిని సాధ్యము కాదు గదా. తమిళ గ్రామములో తెలుగు వీధియు, తెలుగు గ్రామములో తమిళ వీధియు మిగిలినవి. హైకోర్టు మరల మదరాసే అయినందున దూరము తగ్గినది. కాని తాలూకా కచేరీ భాష మారినది. మదరాసు రాష్ట్రమున 1956 నాటి అధికార భాషా చట్టము తమిళమును అధికార భాషగా ఏర్పరచియుండెను. చేర్చబడిన ఈ భూభాగమునకు మదరాసు రాష్ట్ర చట్టములు క్రమముగా వర్తింపజేయబడినవి. 1997 జనవరి 1వ తేదీన చెంగల్పట్టు జిల్లాను విభజించి తిరువళ్ళూరు ముఖ్యస్థానముగా ప్రత్యేక జిల్లాను ఏర్పరచినప్పుడు, తిరుత్తణి అందు చేరినది. ఈ విధముగా, ఒకప్పుడు చిత్తూరునకు పోయిన రైతు మనుమడు నేడు తిరువళ్ళూరునకు పోవుచున్నాడు.

భారత రాష్ట్రపతి పదవి నలంకరించిన సర్వేపల్లి రాధాకృష్ణ పండితుడు 1888 సెప్టెంబరు 5వ తేదీన ఈ తిరుత్తణియందే తెలుగు కుటుంబమున జన్మించెను. ఆయన తండ్రి స్థానిక జమీందారు కొలువులో చిన్న రెవిన్యూ ఉద్యోగి. ఆ మహనీయుడు పుట్టినపుడు ఉత్తర ఆర్కాటు జిల్లాలోనుండిన ఊరు, ఆయన కాశీ హిందూ విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షుడుగా నున్నపుడు చిత్తూరు జిల్లాలోనిది. ఆయన భారత ఉపరాష్ట్రపతిగా నున్న కాలముననే అది ఆంధ్రమునుండి మదరాసు రాష్ట్రమునకు మారినది. ఒక్క జీవితకాలములో ఇన్ని మార్పులు చూచిన ఊళ్ళు అరుదు.

కచేరీ మాటలు

పూర్వపు కచేరీ భాష నేటి భాషకంటె తెలుగువానికి సుబోధముగా నుండెను. దీనికి కారణము విచారింపదగినది. నవాబుల కాలమునుండి వచ్చిన పారసీ, అరబీ మాటలు తెలుగు కచేరీలోను, తమిళ కచేరీలోను సమానముగా పాతుకొనియుండెను. దావా, ఫిర్యాదు, వకీలు, అర్జీ, దస్తావేజు, జప్తు, రుజువు, హాజరు, జామీను, అమీనా, తహసీలు అను మాటలు ఇరువురకును పొరుగు మాటలే. పొలము ఎల్లలను తెలుపు చెక్కుబంది తమిళ పత్రములలోను చెక్కుబందియే. తెలుగున క్రయపత్రము, తమిళమున కిరయ పత్తిరము. తెలుగున వారసుడు, తమిళమున వారిసు. తెలుగున సాక్షి, తమిళమున సాట్చి. కావున చదువురాని తెలుగు రైతు సైతము తమిళ గుమాస్తా చదివిన కాగితములో సగము తానై గ్రహింపగలిగెను.

తరువాతి కాలమున తమిళ పాలనా భాష శుద్ధి నొందినది. అది తమిళులు తమ భాషకు చేసికొనిన గౌరవము. దానిని ఆక్షేపించుట మనకు తగదు. కాని ఫలితము నెరుగుట మనకు అవసరము. తహసీల్దారు "వట్టాట్చియర్" అయినాడు. కోర్టు "నీదిమన్రం" అయినది. దావా "వళక్కు" అయినది. పంచాయతి "ఊరాట్చి" అయినది. భూమిపై గల ఋణభారములను తెలుపు ధ్రువపత్రము "విల్లంగ చాన్రిదళ్" అని పిలువబడుచున్నది. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము ధారాళముగా మాటలాడు ముదుసలి సైతము ఈ మాటలముందు తడబడును. వీథి తమిళము వేరు, కచేరీ తమిళము వేరు. తమిళము మాతృభాషగా గలవారికే అది కొంత నేర్చుకొనవలసిన భాష.

అయినను "తీర్పు" అను మాట మాత్రము రెండు భాషలకును నేటికిని ఉమ్మడి సొత్తుగా మిగిలియున్నది.

చట్టములోని తలుపులు

ఇక చట్టము తెలుగువానికి ఇచ్చిన సౌకర్యములను క్రమముగా చూతము.

భారత రాజ్యాంగపు 350వ అధికరణము ముఖ్యమైనది. ఏ వ్యక్తియైనను తన బాధల నివారణకై కేంద్ర ప్రభుత్వముయొక్క గాని, రాష్ట్ర ప్రభుత్వముయొక్క గాని ఏ అధికారికైనను, దేశమునందు గాని ఆ రాష్ట్రమునందు గాని వాడుకలోనున్న ఏ భాషలోనైనను విజ్ఞప్తి సమర్పించుకొనవచ్చునని అది చెప్పుచున్నది. కావున తిరుత్తణి తాలూకా కచేరీలో తెలుగున వ్రాసిన అర్జీ, తెలుగున వ్రాయబడినదను కారణముచే త్రోసివేయదగినది కాదు. 1956లో రాజ్యాంగపు 7వ సవరణ వలన చేర్చబడిన 350-బి అధికరణము భాషా అల్పసంఖ్యాకుల రక్షణకై ఒక ప్రత్యేకాధికారిని ఏర్పరచినది. ఆ సంవత్సరమే కేంద్రప్రభుత్వము ప్రకటించిన రక్షణల పత్రము ప్రకారము, ఒక ప్రాంతపు జనాభాలో నూటికి 15 మంది లేక అంతకు మించి అల్పసంఖ్యాకుల భాష మాటలాడువారైనచో, ముఖ్యమైన ప్రకటనలను, నిబంధనలను ఆ భాషలోను ప్రచురింపవలసియున్నది.

సివిలు కోర్టుల విషయమున 1908 నాటి సివిలు ప్రొసీజరు కోడు 137వ సెక్షను వర్తించును. క్రింది కోర్టుల భాషను, లిపిని నిర్ణయించు అధికారమును అది రాష్ట్రప్రభుత్వమున కిచ్చినది. కోర్టు వ్రాతలు ఇంగ్లీషులో నుండవచ్చును; కాని కక్షిదారునకు గాని, అతని వకీలునకు గాని ఇంగ్లీషు తెలియనిచో, అతడు కోరినమీదట కోర్టు భాషలోనికి అనువాదము ఇయ్యవలెను. 1976లో తమిళనాడు అధికార భాషా చట్టమునకు జరిగిన సవరణవలన క్రింది కోర్టులలో సాక్ష్యములును, తీర్పులును తమిళమున వ్రాయుటకు మార్గమేర్పడినది. హైకోర్టులో రాజ్యాంగపు 348వ అధికరణము ననుసరించి ఇంగ్లీషే చెల్లుచున్నది. ఈ లెక్కన తెలుగు కక్షిదారునకు కోరినమీదట లభించు అనువాదము తమిళమున నుండును, తెలుగున లభింపదు. దీనిని ముందే తెలిసికొని, తెలుగు, తమిళములు రెండును చదువగల వకీలును ఎన్నుకొనుట వివేకము.

క్రిమినలు కోర్టులలో రక్షణ మరింత బలమైనది. 1898 నాటి క్రిమినలు ప్రొసీజరు కోడు 361వ సెక్షనులోను, 1973 నాటి కోడు 279వ సెక్షనులోను, ముద్దాయికి తెలియని భాషలో సాక్ష్యము చెప్పబడినపుడు దానిని బహిరంగ న్యాయస్థానమున అతనికి తెలిసిన భాషలో వివరింపవలెనని విధింపబడినది. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితయు ఈ సూత్రమును నిలిపినది. ఇచట చట్టము "కోరినచో" అనలేదు, వివరించితీరవలెననియే చెప్పినది. అయినను ముద్దాయి తనకు అర్థము కాలేదని నోరు విప్పి చెప్పనిచో, అర్థమైనదనియే న్యాయాధిపతి తలచుటకు అవకాశము కలదు. తమిళము కొంత తెలిసియుండుట సరిహద్దు తెలుగువానికి ఇట్టిచోట చిక్కు తెచ్చిపెట్టును. సగము తెలిసినవానిని అందరును పూర్తిగా తెలిసినవానిగా లెక్కింతురు. పోలీసు ఠాణాలో ఫిర్యాదును వ్రాసికొనినపుడు దానిని ఫిర్యాదికి చదివి వినిపింపవలెననియు, నకలును ఉచితముగా ఇయ్యవలెననియు విధి కలదు. వినకుండ వ్రేలిముద్ర వేయరాదని మన పెద్దలు చెప్పుమాటకు చట్టముకూడ తోడుగా నున్నది.

రిజిస్ట్రారు కచేరీ సంగతి వేరు. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టము 19వ సెక్షను ప్రకారము, రిజిస్ట్రారునకు తెలియనిదియు, ఆ జిల్లాలో సామాన్యముగా వాడుకలో లేనిదియునగు భాషలో పత్రము వ్రాయబడినచో, ఆ జిల్లా వాడుక భాషలోనికి సరియైన అనువాదమును, సరియైన నకలును జతపరచినగాని అది రిజిస్టరు కాదు. అనువాదమే రిజిస్టరులో ఎక్కింపబడును. ఆ చట్టపు 57వ సెక్షను ప్రకారము, స్థిరాస్తి పత్రములు ఎక్కింపబడు 1వ నంబరు పుస్తకమును తగిన రుసుము చెల్లించి ఎవరైనను పరిశీలింపవచ్చును, నకళ్ళు పొందవచ్చును. తాతతండ్రుల పత్రములు పోగొట్టుకొనినవారు ఈ సెక్షనును ఎరిగియుండుట మేలు.

సమాచార హక్కు చట్టము (2005) విషయమున ఒక హెచ్చరిక అవసరము. ఆ చట్టపు 6వ సెక్షను ప్రకారము అర్జీ ఇంగ్లీషున గాని, హిందీలో గాని, ఆ ప్రాంతపు అధికార భాషలో గాని ఉండవలెను. తిరుత్తణిలో అధికార భాష తమిళము కావున, బాధలు చెప్పుకొనుటకు చెల్లు తెలుగు అర్జీ ఈ చట్టము క్రింద చెల్లదు. కాని వ్రాయలేనివాడు నోటితో చెప్పినచో, దానిని వ్రాతలో పెట్టుటకు సహాయపడుట సమాచారాధికారి విధియని ఆ సెక్షనులోనే కలదు. జవాబు 30 దినములలో రావలెను.

కరణము పోయిన పిమ్మట

కచేరీకిని, రైతునకును నడుమ చిరకాలము కరణము నిలిచియుండెను. అతడు ఊరి మనిషి. ఎవరి పొలము ఎక్కడిదో, ఎవని తాత పేరు ఏమో, ఏ యింటివారికి ఏ యింటిపేరో అతనికి కంఠస్థము. అతని దోషములు లోకవిదితములు. అధికారమును వంశపారంపర్యముగా అనుభవించుటవలన కలుగు చెడుగు లన్నియు అందుండెను. తమిళనాడు ప్రభుత్వము 1980 నవంబరులో ఆ పదవులను రద్దుచేసి, పరీక్షలద్వారా ఎన్నుకొనబడిన గ్రామ పాలనాధికారులను నియమించినది. ఆంధ్రప్రదేశమున 1984లో అదేపని జరిగినది. వ్యవస్థ బాగుపడినది. కాని కరణముతోబాటు ఊరి తెలుగు లెక్కను చదువగల కన్నుకూడ మరుగుపడినది.

సుమారు అదే కాలమున, 1979లో మొదలిడి, తమిళనాడులో భూమి రికార్డులను సరిచేయు పథకము నడచినది. పట్టాలు తిరుగ వ్రాయబడినవి. ఇచటనే తెలుగు కుటుంబములకు ఒక చిక్కు ఏర్పడినది. తెలుగువానికి ఇంటిపేరు ముందు, తన పేరు వెనుక. తమిళ పద్ధతిలో తండ్రి పేరులోని మొదటి అక్షరము ముందు వచ్చును, ఇంటిపేరు పోవును. ఒకే మనిషి పాత తెలుగు పత్రములో ఒక విధముగను, కొత్త పట్టాలో మరొక విధముగను కనబడును. ఇదిగాక, తమిళ లిపిలో కకార గకారములకు ఒకే అక్షరము, పకార బకారములకు ఒకే అక్షరము. బాలయ్య అని వ్రాసినది పాలయ్య అని చదువబడవచ్చును. గంగయ్య కంగయ్య కావచ్చును. దానిని మరల ఇంగ్లీషులోనికి మార్చి యంత్రమున ఎక్కించునపుడు మూడవ రూపము పుట్టును.

ఈ చిక్కు వట్టి అక్షరముల చిక్కు కాదు. 1950 ప్రాంతమున తెలుగున వ్రాయబడిన క్రయపత్రము, 1980ల నాటి తమిళ పట్టా, నేటి ఆధారు చీటీ మూడింటను మూడు విధములుగా పేరున్న రైతు మరణించినాడనుకొందము. అతని భార్య వారసత్వ ధ్రువపత్రమునకై తాలూకా కచేరీకి పోవును. ఆ మూడు పేర్లును ఒక్క మనిషివేయని ఆమె రుజువు చేయవలెను. తెలుగు పత్రమును అక్కడ చదువగలవారుండరు. అనువాదమునకై ఆమె ఊరూర తిరుగును. దాయాదులలో ఒకడు దురాశాపరుడైనచో, ఆ మూడవ రూపమే వానికి ఆయుధమగును. భూమి భర్తదే, అనుభవము ఆమెదే, పన్ను కట్టినది ఆమెయే. అయినను కాగితములు ఒకదానితో నొకటి పలుకక, పట్టా మారక, బ్యాంకు అప్పు పుట్టక సంవత్సరములు గడచును. భాషా సమస్య యనగా పాఠశాలలో పద్యములు నేర్పుటకు సంబంధించినదని మాత్రమే తలచువారు ఈ ఇల్లాలిని స్మరింపవలెను.

పాఠశాల సంగతియు ఇందుతో ముడిపడియే యున్నది. 2006 నాటి తమిళాభ్యసన చట్టము వలన తమిళము తరగతి తరువాత తరగతిగా మొదటి భాషయైనది. తమిళము నేర్చిన తెలుగు బాలునకు కచేరీలో అది ఉపకరించునను మాట నిజమే. కాని తెలుగు చదువు సన్నగిల్లినకొలది, తాత పెట్టెలోని పత్రమును చదువగల మనుమడు ఆ యింట నుండడు. ఆ పెట్టెలు నేటికిని పెక్కిండ్ల నున్నవి. వానిని చదువగల కండ్లు ఏటేట తగ్గుచున్నవి.

మన కర్తవ్యము

పై చరిత్రనుబట్టి తెలుగు సంఘములు చేయదగిన పనులు కొన్ని తోచుచున్నవి.

మొదటిది, పాత పత్రముల పరిష్కారము. తెలుగు, తమిళములు రెండును చదువగల పెద్దలు జీవించియుండగనే, తిరుత్తణి, పళ్ళిపట్టు, తిరువళ్ళూరు, ఊత్తుకోట తాలూకాలలోని తెలుగు కుటుంబముల పత్రములను చదివించి, ప్రతిదానికిని సారాంశమును తమిళమున వ్రాయించి, యజమానికే యిచ్చివేయవలెను. దావా పుట్టిన పిమ్మట చేయించిన అనువాదముకంటె, తగవు లేనినాడు చేయించిన అనువాదమునకు విలువ హెచ్చు. పేర్లలో భేదములున్నచో, ఇంటి పెద్ద బ్రతికియుండగనే ఆయనచేతనే సవరణకు అర్జీ పెట్టించుట మంచిది. మరణించిన పిమ్మట అది వారసుల మెడకు చుట్టుకొనును.

రెండవది, ఉచిత న్యాయసహాయము. 1987 నాటి న్యాయసేవాధికార చట్టపు 12వ సెక్షను ప్రకారము స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులములవారు, తెగలవారు, వికలాంగులు, నిర్బంధములో నున్నవారు తమ ఆదాయముతో నిమిత్తము లేకయే ఉచితముగా వకీలును పొందుటకు అర్హులు. ఈ సహాయము జిల్లాలోను, తాలూకాలలోను లభించును. పై చెప్పిన ఇల్లాలికి ఈ సంగతి చెప్పువారు కావలెను. సంఘము తరపున తెలుగు తెలిసిన ఒక వ్యక్తి ఆమెవెంట పోయినచో, సగము పని అయినట్లే.

మూడవది, గ్రామసభ. 73వ రాజ్యాంగ సవరణ ననుసరించి 1994లో తమిళనాడు పంచాయతీల చట్టము వచ్చినది. జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2వ తేదీలలో గ్రామసభలు జరుగుట వాడుక. మన్రో దొర రెండు వందల ఏండ్లక్రితము కోరినట్లు, ఇంటి మాటలో తన కష్టమును చెప్పుకొనుటకు నేడు మిగిలిన చోటు అదియే. నీటి కొళాయి, దారి, వీధి దీపము, శ్మశానము మొదలగు విషయములలో తెలుగు వీధివారు సభకు పోయి మాటలాడి, తమ మాట తీర్మానముల పుస్తకములో ఎక్కినదో లేదో చదివించుకొని రావలెను. పోనివాని మాటను ఎవరును వ్రాయరు.

నాలుగవది, పొరుగువారి స్మరణ. సత్యవేడు, నగరి, పుత్తూరు ప్రాంతములలోని తమిళులకు తెలుగు కచేరీలో ఇట్టి కష్టములే కలవు. 2022లో తిరుపతి జిల్లా ఏర్పడగా, సత్యవేడువారును జిల్లా కచేరీ మారుటలోని శ్రమను అనుభవించిరి. మనము తిరుత్తణిలో కోరు సౌకర్యమును వారికి సత్యవేడులో కోరుట ధర్మము. సరిహద్దున కిరుప్రక్కల సంఘములు కలసి అడిగినచో, ఆ కోరిక ఒక భాషవారి పక్షపాతముగా గాక, సరిహద్దు ప్రజలందరి అవసరముగా అధికారులకు తోచును.

తిరుత్తణి తెలుగువారు ఏ సరిహద్దును తాము గీయలేదు, ఏ కచేరీని తాము మార్చలేదు. వచ్చిన ప్రతి కచేరీకి శిస్తు కట్టిరి, ప్రతి కోర్టు తీర్పునకు తలయొగ్గిరి. అట్టివారికి తమ కాగితము తమకు అర్థము కావలెనని కోరు హక్కు కలదు. రాజ్యాంగము ఆ హక్కును గుర్తించినది, చట్టములు కొంతవరకు దారి చూపినవి. తక్కినది అడిగెడి నోటిపైనను, తోడు నిలిచెడి సంఘముపైనను ఆధారపడియున్నది. ఈ సంచికను చదివినవారిలో ఒక్కరైనను తమ ఊరిలోని ఒక పాత పెట్టెను తెరిపించి, అందలి పత్రమును చదివి, యజమానికి దాని అర్థమును చెప్పినచో ఈ పరిశ్రమ సార్థకమగును.